కుడి ఎడమ కుడి కుడి

"ఆ మూతలు తీసేస్తే, రేపు వాయించినా సగం మోత తగ్గుతుందిగా" అన్నారు అత్తగారు మూడోసారి. ఆవిడ దృష్టిలో కోడలు తెచ్చుకున్న డ్రమ్స్‌కున్న ఇత్తడి తాళాలు మూతలు, నేలమీది పెద్ద డ్రమ్ము గంగాళం.

"మూతలే కాదమ్మా, మొత్తం విప్పేద్దాం. ఆదివారం భోజనాల బల్ల వస్తోంది, ఈ గదిలోనే వెయ్యాలి" అన్నాడు కొడుకు. భార్య వైపు తిరిగాడు. "నీకు సాధనకి రబ్బరు బిళ్ళ ఉందిగా! చేతులు అవే, దెబ్బలు అవే. ఎంతసేపైనా కొట్టుకో, ఎవరొద్దన్నారు?"

కోడలు కుట్టుమిషను తొక్కుతూనే ఉంది. ఇన్నాళ్లూ కొట్టింది ఆ బిళ్ళ మీదే. కుడి ఎడమ కుడి కుడి, ఎడమ కుడి ఎడమ ఎడమ. ఎంత కొట్టినా ఒకటే టకటక. నిన్న డ్రమ్స్ నేర్పే మేష్టారు నవ్వి, "చేతులకు పాఠం వచ్చేసిందమ్మా. ఇక వాటిని డ్రమ్స్ మీద ఊరంతా తిప్పు" అన్నారు.

ఆమె లేచింది. డ్రమ్స్ మీద ఆరేసిన తడి తువ్వాళ్లు తీసి మొగుడి ఒళ్లో పడేసి, పుల్లలు అందుకుని వాటి ముందు కూర్చుంది.

ఎడమ చెయ్యి ముందున్న చిన్న డ్రమ్ము మీదే ఉంది. కుడిచెయ్యి గంగాళం మీదికి వెళ్లింది. అవే దెబ్బలు, కానీ ఒకరు అడుగుతుంటే ఇంకొకరు జవాబు చెబుతున్నట్టుంది. తర్వాత కుడిచెయ్యి మూతల మీదికెక్కింది. మిషను తొక్కిన కాలు డ్రమ్స్ కింది పెడల్‌ను దానంతటదే అందుకుంది.

కూతురు పెన్ను పట్టుకునే పరిగెత్తుకొచ్చింది. "అమ్మా, రోజూ కొట్టేది ఇదేనా?"

"ఇదే. ఒక్క దెబ్బ మార్చలేదు."

"చెవులు పోతున్నాయి!" అరిచాడు భర్త.

"మీవి పోతున్నాయి. నావి ఇప్పుడే వస్తున్నాయి."

ఇంకాస్త వేగం పెంచింది. చెయ్యి తడబడింది.

"ఆగు" అన్నారు అత్తగారు. "చివర ఎడమ ఒకటే పడింది. రెండు పడాలి."

అందరూ ఆవిడ వైపే చూశారు.

"ఏంటలా చూస్తారు? గోడవతల పడుకుని రోజూ వింటున్నా, నాకు రాదేంటి!"

"అమ్మా, నువ్వసలు ఎవరి వైపు?" అన్నాడు కొడుకు.

"ఎవరి వైపూ కాదు. తప్పు తప్పే."

కోడలు మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి ఎడమ రెండూ పడ్డాయి. అత్తగారు తలాడించబోయి, మెడ సర్దుకున్నట్టు నటించారు.

కోడలు పుల్లలు పక్కన పెట్టి, మిషను దగ్గరకెళ్లి, సగం కుట్టిన దిండు గలీబు అందుకుంది. అన్నం వడ్డించానని పిలిచే గొంతుతోనే అంది:

"బల్ల వంటింట్లో వేయిద్దాం. పట్టకపోతే వెనక్కి పంపేద్దాం. డ్రమ్స్ ఇక్కడే ఉంటాయి. రోజూ సాయంత్రం వాయిస్తాను. మూతలతో సహా."