స్పెయిన్ కూడా

శశికళ బాత్‌టబ్‌లో నానబెట్టిన చొక్కాల కాలర్లు రుద్దుతోంది. హాల్లో పొద్దుటి వార్తలు చూస్తున్న జగదీష్ ఒక్కసారిగా "ఛ!" అన్నాడు. ఏదో దేశం చేజారిందని ఆమెకు అర్థమైంది.

"స్పెయిన్ కూడా సోషలిస్టులకే, శశీ! ఫుల్ మెజారిటీ!"

ఆమె చేతిలో బ్రష్ ఆగిపోయింది.

జగదీష్ మిషిగన్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాడు. పశ్చిమ యూరప్ ఓటర్లు కుడివైపు మళ్లుతున్నారని అతని సిద్ధాంతం. బ్రిటన్‌లో కన్సర్వేటివ్‌లు గెలిచిన ఏడాది థీసిస్ మొదలుపెట్టాడు. పెళ్లిచూపుల్లో అతను పాట పాడమనలేదు, టైపు స్పీడెంతని అడిగాడు. థీసిస్ అవగానే నర్సింగ్ చదివిస్తానని మాటిచ్చాడు. ఆ మాట పట్టుకునే ఆమె విమానం ఎక్కింది.

ఆమె వచ్చిన వసంతంలోనే ఫ్రాన్స్ ఎడమవైపు తిరిగింది. శశికళ థీసిస్‌లో మూడో అధ్యాయం మళ్లీ టైపు చేసింది. ఆకులు రాలే వేళకు గ్రీసు. నిన్నగాక మొన్న, ఈ ఎనభై రెండు సెప్టెంబరులో, స్వీడన్. ముక్కూ మొహం తెలియని జనం ఎక్కడో వరసలో నిలబడి ఓటేస్తే, ఆ ఫలితం వచ్చి ఈ రెండు గదుల క్వార్టర్లో ఆమె నెత్తిన పడేది. కిటికీ అవతల పార్కింగ్ లాట్, దానవతల హైవే. ఆమెకు డ్రైవింగ్ రాదు. నేర్పే తీరిక అతనికి లేదు.

చేతులు తుడుచుకుని హాల్లోకొచ్చింది.

"ఏవండీ, పదింటికి నా నర్సింగ్ ఎంట్రన్సు. లూసక్క తీసుకెళ్తానంది."

"ఇవాళేనా? రెండు చాప్టర్లు మార్చాలి, సోమవారం ప్రొఫెసర్‌కి సబ్మిట్ చెయ్యాలి. నెక్స్ట్ ఇయర్ రాద్దువుగానిలే."

"అప్పటికి అయిపోతుందా?"

"అవకేం! మార్చిలో జర్మనీ ఎలక్షన్. అది గ్యారంటీగా నా వైపే. దాంతో ఫినిష్."

"యూరప్‌లో ఇంకెన్ని దేశాలున్నాయండీ?"

జోకనుకుని నవ్వాడతను. "ఐస్‌లాండ్ దాకా లెక్కపెట్టకు తల్లీ. కూర్చో, డిక్టేట్ చేస్తా."

ఆమె టైపు మెషిన్‌లో కాగితం ఎక్కించింది. స్పెయిన్ ఒక మినహాయింపు మాత్రమేనని అతను మొదలుపెట్టాడు. ఫ్రాన్స్‌కీ, గ్రీసుకీ, స్వీడన్‌కీ ఆ మాటే టైపు చేసిందామె. అతను అబద్ధమాడడం లేదు. మార్చికల్లా అయిపోతుందని నిజంగానే నమ్ముతున్నాడు. ఆ నమ్మకం చూసే ఆమెకు భయం వేసింది.

తలుపు చప్పుడైంది. పైవాటాలో ఉండే బందరు నర్సు లూసీ, చేతిలో కారు తాళాలతో లోపలికి తొంగిచూసింది.

"రెడీయేనా శశీ? ఏవయ్యా జగదీషూ, మొహం అలా పెట్టావ్? ఈసారి ఎవరు ఓడారు?"

"స్పెయిన్‌లో మనవాళ్లేనండీ."

"నువ్వు గెలుస్తారని రాస్తే చాలు, పాపం వాళ్ల పని అయిపోయినట్టే!"

జగదీష్ నవ్వలేదు. "శశికి ఇవాళ కుదరదు లూసీగారూ. ఇంపార్టెంట్ టైపింగ్ ఉంది."

లూసీ శశికళ వైపు చూసింది. శశికళ మెషిన్ వైపు చూసింది.

"సరే. చలికి కారు మొరాయిస్తోంది. కాసేపు స్టార్ట్ చేసి ఉంచుతా" అని లూసీ మెట్లు దిగింది.

జగదీష్ మళ్లీ చెప్పసాగాడు. ఆమె వేళ్లు కదులుతున్నాయి. కింద ఇంజను దగ్గి, పట్టుకుంది. శశికళ వాక్యం మధ్యలో లేచింది. చీర మీద కోటు తొడుక్కుని, బూట్లలో కాళ్లు పెట్టింది.

"కామా పెట్టావా?" అన్నాడతను తన కాగితాల్లోంచి తలెత్తకుండా.

ఆమె తలుపు తీసి బయటికి నడిచింది.