అత్తగారి చెవిన పడ్డ చక్రం

కాలనీలో ఆయన్ని అందరూ సౌండు సారు అనేవాళ్లు. కన్నవాళ్లు పెట్టిన పేరు వేరే ఉంది గాని, అది కరెంటు బిల్లు మీద తప్ప మరెక్కడా వాడుకలో లేదు. ఆయన పనిచేసేది బీమా కంపెనీలో, దెబ్బతిన్న వాహనాల విభాగంలో. ఎవరి కారు ఎందుకు చెడిందో, అందులో ఓనరు తప్పెంతో కుర్చీలోంచి కదలకుండా తేల్చి రాయడం ఆయన ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా అదే పని చేస్తున్నాడు కాబట్టి కార్ల గురించి తనకు తెలియనిది లేదని ఆయనకు గట్టి నమ్మకం. ఇన్నేళ్లలో ఒక్కసారైనా ఏ కారు కిందికీ తొంగిచూడలేదన్న సంగతి ఆ నమ్మకానికి అడ్డు రాలేదు.

ఆయన సొంత కారుకు పదిహేడేళ్లు. ఇద్దరి చేతులు మారి ఈయన చేతిలో పడింది. ఎండలు ముదిరేసరికి అది కొత్తగా ఒక కూత నేర్చుకుంది. స్పీడ్ బ్రేకర్ ఎక్కితే ‘కుయ్’, దిగితే ‘కుయ్ కుయ్’. ఇంకొకరైతే రేడియో పెట్టుకుని పోయేవాళ్లు. సౌండు సారు నోటు పుస్తకం పెట్టాడు. శబ్దం, వేళ, వీధి, వేగం, అనుమానం అని అయిదు గళ్లు గీశాడు. పొద్దున్నే నడకకు పోయేవాళ్లను ఆపి, “ఒక్క రౌండు కూర్చుని వినిపెట్టండి” అని వెనక సీట్లోకి ఎక్కించుకునేవాడు. నెల తిరక్కముందే కాలనీవాళ్లు నడకకు వెనక వీధి పట్టారు.

మొదట బ్రేకులే అన్నాడు. బ్రేకుల కూత మీద ఫోనులో అప్పటికే పదకొండు వీడియోలు చూశాడు.

“బ్రేకు తొక్కినప్పుడు రావట్లేదు కదండీ, గతుకుల్లోనేగా వస్తోంది?” అంది భార్య.

“నీకు తెలీదు, ఊరుకో” అన్నాడు.

బ్రేకు ప్యాడ్లు మారాయి, కూత మారలేదు. తర్వాత ఇంజను బెల్టు మీదికి పోయింది అనుమానం. ఇంజను నడుస్తుండగా బెల్టు మీద నీళ్లు చిలకరిస్తే, కూత దానిదే అయితే కాసేపు ఆగుతుందని వీడియోలో చెప్పారు. వాకిట్లో కారు నిలబెట్టి చెంబుతో చిలకరించాడు. కూత లేదు. “దొరికింది దొంగ!” అని వీధి చివరిదాకా వినబడేలా కేకేశాడు. కారు కదలకుండా నిలబడి ఉంది కాబట్టి కూయలేదని భార్య చెప్పేదాకా ఆయనకు తట్టలేదు. ఆ తర్వాత సీట్ల వంతు. భార్యను ముందొకసారి, వెనకొకసారి కూర్చోబెట్టి “ఊగు, ఇంకా గట్టిగా ఊగు” అని మూడు వీధులు తిప్పాడు. చివరికి డాష్‌బోర్డు సందుల్లో అట్టముక్కలు కూరాడు. దాంతో ఏసీ గాలి రావడం మానేసింది గాని కారు మాత్రం హాయిగా కూస్తూనే ఉంది.

మూడో వీధి మెకానిక్ మొదటి రోజే అసలు మాట చెప్పాడు. “కింద రబ్బరు బుష్‌లు ఎండి పగిలాయి సార్. ఇనుమూ ఇనుమూ రాసుకుంటోంది. గంట పని.” దానికి సౌండు సారు నలభై నిమిషాలు పాఠం చెప్పాడు. ఆ నలభై నిమిషాల్లో మెకానిక్‌కు జ్ఞానోదయమైంది. అప్పట్నుంచీ ఆయనేం చెప్పినా “మీరు చెప్పాక కాదంటానా సార్” అనడమే.

ఇలా ఉండగా అత్తగారు కంటి శుక్లాల ఆపరేషనుకు వచ్చింది. ఆవిడ నోట్లో నాలుక లేని మనిషని అల్లుడి అభిప్రాయం. నూలు మిల్లులో ముప్పై రెండేళ్లు పనిచేసి రిటైరైంది. అక్కడేం చేసేదో ఈయన ఎన్నడూ అడగలేదు. ఎవరైనా అడిగితే “మిల్లులో ఆఫీసు పని” అని చెప్పేవాడు. అలా చెబితే వినడానికి బాగుంటుందని.

ఆపరేషను అయ్యాక కంటి మీద ప్లాస్టిక్ డిప్ప పెట్టించుకుని, దాని మీద నల్లద్దాలు పెట్టుకుని, ఆవిడ వెనక సీట్లో ఎడమ పక్కన కూర్చుంది. కారు రెండు వీధులు దాటిందో లేదో, మెల్లిగా అంది.

“అల్లుడుగారూ, కారు మూలుగుతోంది బాబూ.”

“అదే అత్తయ్యగారూ! ఆ కుయ్ కుయ్ సంగతేగా? దాని మీదే పరిశోధన చేస్తున్నాను.”

“ఆ కుయ్యో కాదు బాబూ. అది దప్పిక కూత, దానివల్ల ప్రాణాపాయం లేదు. దాని అడుగున ఇంకోటుంది. నా కిందే. వూఁ అని. వేగం పెంచితే పెరుగుతోంది, తగ్గిస్తే తగ్గుతోంది. బేరింగు పోయేటట్టుంది.”

సౌండు సారు అద్దంలోంచి ఆవిడ వైపు జాలిగా చూశాడు. ఆపరేషనైన మనిషి. బేరింగంటే ఏమిటో, చక్రం మధ్యలో ఉక్కు గోళీలు ఎలా ఉంటాయో, అవి చెడితే ఏ శబ్దం వస్తుందో ఇల్లు చేరేదాకా ఆవిడకు విడమరిచి చెప్పాడు. ఆవిడ తలూపుతూ వింది. దిగేటప్పుడు మటుకు, “ఎడమ వెనక చక్రం బాబూ” అంది. ఆయన పుస్తకంలో ఆ మాట రాయలేదు. మూలుగుకు గడి లేదు.

ఆ వారమే ఆఫీసులో ఒక వార్త. పై ఊళ్లో కంపెనీ కొత్త బ్రాంచి తెరుస్తోంది, రిబ్బను కత్తిరించడానికి డివిజనల్ మేనేజరుగారు వస్తున్నారు. ఆఫీసు కారు షెడ్డులో ఉంది. రైల్వే స్టేషను నుంచి నలభై కిలోమీటర్లు ఎవరో ఒకరు తీసుకెళ్లాలి. సీనియర్ పోస్టు ఒకటి ఖాళీగా ఉందని, దాని ఫైలు మేనేజరుగారి బల్ల మీదే ఉందని అందరికీ తెలుసు. అందరికంటే ముందు చెయ్యెత్తినవాడు సౌండు సారు.

ఎత్తిన చెయ్యి దించాక గుర్తొచ్చింది కూత సంగతి. మేనేజరు చెవిలో ‘కుయ్’ మంటే పరువు గంగలో కలిసినట్టే. తిన్నగా మెకానిక్ దగ్గరికి పరిగెత్తాడు. “ఈ సాయంత్రానికల్లా ఈ కారు నోరు మూయించాలి. తలుపులకు కొత్త రబ్బర్లు, సీట్ల కింద గుడ్డ, డాష్‌బోర్డులో మరిన్ని అట్టలు” అని పురమాయించాడు.

“మీరు చెప్పాక కాదంటానా సార్” అన్నాడు మెకానిక్.

సారు ఫోను మాట్లాడుతూ టీ కొట్టు దాకా వెళ్లగానే, అతను కారు కిందికి దూరి ఆ నాలుగు బుష్‌లూ మార్చేశాడు. మొన్నటి నుంచీ అతని చేతులు దురదపెడుతున్నాయి. అట్టముక్కలు కూడా కూరాడు, మాట దక్కించుకోవాలి గనక. గంట దాటాక సారు తిరిగొచ్చి కారును స్పీడ్ బ్రేకర్ మీదుగా ఆరుసార్లు ఎక్కించి దింపాడు. చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు.

“చూశావా? అట్టల్లోనే ఉంది కిటుకంతా! నేను మొదట్నుంచీ అనుకుంటూనే ఉన్నాను.”

“అవును సార్. ఇంకో మాట. ఆ ఎడమ వెనక చక్రం కూడా ఓసారి విప్పి చూస్తే...”

“కూత పోయిందా లేదా?”

“పోయింది సార్.”

“అయితే ఇంకేం?” అని తాళంచెవి తిప్పుతూ వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్న మరో చిక్కు. అదే దారిలో కంటి ఆసుపత్రి, అదే రోజు అత్తగారి కన్ను డాక్టరుకు చూపించాల్సిన రోజు. “మమ్మల్ని దారిలో దింపండి. మీ మేనేజరు మిమ్మల్ని సంసారి అనుకుంటాడు, మంచిదేగా?” అంది భార్య. ఆ మాట ఆయనకు నచ్చింది.

మేనేజరుగారు స్టేషను బయట చేతిసంచీతో నిలబడి ఉన్నారు. బట్టతల, బంగారు ఫ్రేము కళ్లద్దాలు. పది మందిలో మాట్లాడితే ఆఖరి మాట తనదే అయి తీరాలనే మనిషి. ముందు సీట్లో కూర్చున్నారు.

“మా అత్తగారు సార్. మిల్లులో ఆఫీసులో చేసేవారు” అని పరిచయం చేశాడు సౌండు సారు.

వెనకనుంచి అత్తగారు నమస్కారం పెట్టింది.

కారు ఊరు దాటింది. స్పీడ్ బ్రేకర్లు ఒకదాని తర్వాత ఒకటి మౌనంగా వెళ్లిపోతుంటే సౌండు సారు ఛాతీ రెండంగుళాలు పెరిగింది. కాని కూత అనే తెర తొలగిపోయేసరికి దాని వెనక దాక్కున్నది బయటపడింది. వూఁ అనే మూలుగు, ఇప్పుడు ఎవరికైనా వినబడేంత స్పష్టంగా.

“పైన విమానం ఏదైనా పోతోందా?” అన్నారు మేనేజరుగారు కిటికీలోంచి చూస్తూ.

“రోడ్డు సార్. తారు గరుకుగా వేశారు. కాంట్రాక్టర్లు అలా తగలడ్డారు.”

రెండు కిలోమీటర్ల తర్వాత అద్దంలాంటి సిమెంటు రోడ్డు వచ్చింది. విమానం దిగలేదు. సౌండు సారు రేడియో పెట్టాడు. మూలుగు పెరిగింది, రేడియో పెంచాడు.

“కుడికి తిరిగితే పెరుగుతోంది, ఎడమకి తిరిగితే తగ్గుతోంది” అంది అత్తగారు తనలో తాను అనుకుంటున్నట్టు. “కుడికి తిరిగినప్పుడు బరువు ఎడమ చక్రం మీద పడుతుంది. అదే.”

“ఏమిటమ్మా అంటున్నారు?” మేనేజరుగారు వెనక్కి తిరిగారు.

“ఏం లేదు సార్! ఆపరేషనైంది కదా, కొంచెం...” అని సౌండు సారు చెవి దగ్గర వేలు తిప్పబోయి, భార్య అద్దంలోంచి చూస్తోందని గమనించి ఆ వేలితో తల గోక్కున్నాడు.

“బాబూ, ఓసారి ఆపండి.”

“వచ్చేశాం అత్తయ్యగారూ, ఇంకెంత, ఇరవై కిలోమీటర్లు.”

“బాబూ, మూలుగు పోయి గరగర మొదలైంది. ఆపండి.”

“టైము లేదండీ!”

“ఆపు!”

ఆ గొంతు ఆ ఇంట్లో ఎవరూ వినని గొంతు. నాలుగొందల కదుళ్ల రొదలోంచి అవతలి గోడ దగ్గరున్న మనిషికి వినిపించే గొంతు. సౌండు సారు కాలు ఆయన్ని అడక్కుండానే బ్రేకు మీద పడింది. మేనేజరుగారి కళ్లద్దాలు ముక్కు చివరికి జారాయి.

అందరూ దిగారు. ఎడమ వెనక చక్రం దగ్గర మాడు వాసన. అత్తగారు వంగబోతే కూతురు చెయ్యి పట్టుకుంది. “అమ్మా! వంగొద్దన్నారు డాక్టరు!”

“సరే, నేను వంగను. వీళ్లు వంగుతారు” అంది ఆవిడ, నిటారుగా నిలబడి. “అల్లుడుగారూ, ముందు చక్రాలకు రాళ్లు పెట్టండి. జాకీ తీయండి. సారూ, మీరు కాస్త ఆ స్టెప్నీ పట్టుకుని పక్కన పెట్టండి, దానికింద జాకీ ఉంటుంది.”

రిబ్బను కత్తిరించడానికని ఇస్త్రీ చేయించుకున్న చొక్కాతో మేనేజరుగారు స్టెప్నీ మోశారు. చక్రం నేల నుంచి లేచింది.

“పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి ఊపండి బాబూ.”

సౌండు సారు ఊపాడు. గట్టిగా ఉండాల్సిన చక్రం ఊడబోయే పన్నులా అటూ ఇటూ ఆడింది. ఆయన మరోసారి ఊపాడు, తన చేతులే వణుకుతున్నాయేమోనని. చక్రమే.

మేనేజరుగారు ఆ చక్రాన్ని, ఆవిడ నల్లద్దాలను మార్చి మార్చి చూశారు. “మిల్లు ఆఫీసులో ఇవన్నీ నేర్పుతారా అమ్మా?”

“ఆఫీసా? ఆఫీసు మెట్లు జీతం రోజున తప్ప ఎక్కలేదండీ. నేను ఫిట్టరుని. ఏ కదురు బేరింగు ఎండిందో చెవితో పట్టి చెప్పేదాన్ని, మెషీను ఆపకుండా. ముప్పై రెండేళ్లు.”

సౌండు సారు జాకీని ఎంతో శ్రద్ధగా పరిశీలించాడు.

ఫోను చేస్తే మూడో వీధి మెకానిక్ మోటారు సైకిలు మీద వచ్చి చక్రం విప్పాడు. బేరింగు గోళీలు గుంటలు పడి, రెండు పగిలి ఉన్నాయి. “ఇంకో పది కిలోమీటర్లు పోయుంటే చక్రం మీకంటే ముందు బ్రాంచికి వెళ్లేది సార్” అని, ఆవిడ వైపు తిరిగి, “అమ్మగారూ, మీరు విని చెప్పారా?” అన్నాడు. ఆవిడ తలూపింది. ఆ తర్వాత ఆ ఇద్దరూ గ్రీజు గురించి మాట్లాడుకున్న మాటలు సౌండు సారుకు సగం అర్థం కాలేదు. అందులో తలదూర్చే ధైర్యమూ లేకపోయింది.

మేనేజరుగారు అటుగా పోతున్న కూరగాయల వ్యానులో ముందు సీటెక్కి వెళ్లారు. రిబ్బను రెండు గంటలు ఆలస్యంగా తెగింది. పేపర్లో ఫోటో వచ్చింది, ఆయన చొక్కా మీద టైరు ముద్రతో సహా. సీనియర్ పోస్టు వేరే ఆయనకు పోయింది. ఆ వేరే ఆయనకు కారు లేదు, బస్సులో వస్తాడు. సౌండు సారు ఫైలు మీద మేనేజరుగారు ఒకే ఒక్క వాక్యం రాశారట: ‘పక్కవాళ్ల మాట వినడం అలవాటు చేసుకోవలెను.’ మూడు రోజులు సౌండు సారు ముద్ద మింగలేక, మాట కక్కలేక తిరిగాడు. నాలుగో రోజు, ఆదివారం, మేనేజరుగారు తన పెద్ద కారు వేసుకుని స్వయంగా గుమ్మంలోకి వచ్చారు. సౌండు సారు చొక్కా తొడుక్కుంటూ ఎదురు పరిగెత్తాడు.

“మీ అత్తగారున్నారా?” అన్నారాయన. “గేరు మారిస్తే ఏదో కొడుతున్నట్టుంది. షోరూమువాళ్లు ఏం లేదంటున్నారు.”

అత్తగారు వెనక సీట్లో కూర్చుంది. సౌండు సారు కూడా అడక్కుండానే పక్కన ఎక్కాడు. కారు కదలగానే, “సార్, ఇది బహుశా...” అని మొదలుపెట్టాడు.

“బాబూ,” అంది అత్తగారు నెమ్మదిగా, “ముందు రేడియో ఆపమనండి. తర్వాత మనమూ మాట ఆపుదాం.”

ఆయన మాట ఆపాడు. కళ్లు మూసుకుంటే బాగా వినబడుతుందేమోనని కళ్లు కూడా మూసుకున్నాడు. మొదట ఏమీ తెలియలేదు. చాలాసేపటికి, ఎక్కడో కింద, మెత్తగా ‘టక్’ మంది. ఆయన కళ్లు తెరిచి అత్తగారి వైపు చూశాడు. ఆవిడ చిన్నగా తలూపింది. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఆయన తన చెవితో తాను విన్న మొదటి లోపం అది. అదేమిటో ఆయనకు తెలియదు. తెలియదని పైకి అనడానికి ఇంకో రెండు వీధులు పట్టింది.

“అదేమిటి అత్తయ్యగారూ?” అన్నాడు చివరికి.

“ఇంజను కింద రబ్బరు మౌంటు చచ్చింది బాబూ” అంది ఆవిడ.

కన్ను నయమయ్యాక ఆవిడ వెళ్లిపోయే రోజు ఆయనే కారులో బస్టాండుకు తీసుకెళ్లాడు. ఇరవై నిమిషాల దారి. దారి పొడుగునా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. సగం దారిలో భార్య చెయ్యి చాచి, జ్వరమేమైనా ఉందేమోనని ఆయన నుదురు తాకి చూసింది.