బోర్డు మీద ఖాళీ చోటు

తిరిగొచ్చిన పుస్తకాలను బండిలో నిలువుగా సర్దుతుండగా బయట స్కూల్ బస్సు ఆగిన చప్పుడు కృష్ణకుమారికి వినిపించింది. పొట్టి మనిషి. చీర మీద బూడిదరంగు స్వెట్టరు, కాళ్లకు తెల్ల స్నీకర్లు, మెడలో లైబ్రరీ కార్డు. భర్త చనిపోయిన ఏడాది కూతురి దగ్గరికి వచ్చి, పార్సిప్పనీ లైబ్రరీలో ఈ పనికి చేరింది. పుస్తకాలు సర్దడమే ఆమె ఉద్యోగం. అయినా సోషల్ స్టడీస్ ప్రాజెక్టులు మొదలైతే మిడిల్ స్కూల్ పిల్లలు పుస్తకం ఎక్కడుందని అడగడానికొచ్చి, ఆమెను పక్కనే కూర్చోబెట్టుకునేవారు.

ఇవాళ్టితో ఆ పని ఆఖరు. అల్లుడికి వేరే రాష్ట్రంలో, ట్రాయ్‌లో ఉద్యోగమొచ్చింది. రేపు పొద్దున్నే అందరూ ప్రయాణం.

ఆ పిల్లల్లో ఒకతె, హంసిక, వచ్చి మూడు మడతల అట్టబోర్డును బల్ల మీద పరిచింది.

"ఆంటీ, రేపే డ్యూ. ఒక్క బాక్స్ ఖాళీ."

దగ్గర్లోని ఒక రిజర్వాయర్ మీద ప్రాజెక్టు. ఆనకట్ట ఎత్తు, కట్టిన సంవత్సరం, నీటి లెక్క అన్నీ అందంగా అతికించి ఉన్నాయి. 'అంతకు ముందు ఇక్కడ ఎవరుండేవారు?' అన్న టీచర్ ప్రశ్న కింద మాత్రం ఏమీ లేదు.

"ఎంత సెర్చ్ చేసినా డ్యామే వస్తుంది. పీపుల్ రారు."

కృష్ణకుమారి కుర్చీ లాక్కుంది. "నీళ్లొస్తున్నాయంటే నువ్వైతే ఇంట్లోంచి ఏం తీసుకుపోతావు తల్లీ?"

"ఐప్యాడ్. మా కుక్క."

"మేం తలుపులు ఎత్తుకపోయినాం."

హంసిక కిసుక్కున నవ్వి, ఆమె ముఖం చూసి ఆగిపోయింది.

"మా ఊరూ నీళ్లలోనే ఉంది. కర్నూలు దగ్గర, కృష్ణ ఒడ్డున."

"వెయిట్, రియల్లీ? మీ అమ్మ క్రై చేసిందా?"

"యాడ ఏడ్చింది! మోసేదానికి మనుషుల్ని పిలవలేదని మా నాయన్ను తిట్టింది. గోడలు ఎట్లన్నా కట్టుకోవచ్చు, టేకు తలుపులు మళ్లీ యాడ దొరుకుతాయని."

ఈ సంగతి ఆమె కూతురికి కూడా చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

ఇద్దరూ కంప్యూటర్లో పాత పేపర్లు తెరిచారు. రిజర్వాయర్ ఉన్న ఊరి పేరు పక్కన ఇంగ్లీషులో 'తలుపులు, దూలాలు' అని కొట్టమంది కృష్ణకుమారి. గడ్డివాముల అమ్మకాలు వచ్చాయి, తప్పిపోయిన ఆవు వచ్చింది. చివరికి అగ్గిపెట్టెంత ప్రకటన ఒకటి కనబడింది. రిజర్వాయర్ వస్తున్నందున తన ఇంటి తలుపులు, కిటికీలు, దూలాలు అమ్ముతానని, కావలసినవారు వచ్చి చూసుకోవచ్చని ఎలెన్ టటిల్ అనే ఆవిడ వేయించింది.

"ఓ మై గాడ్. షీ హ్యాడ్ ఎ నేమ్," అంది హంసిక మెల్లగా.

ఆ ప్రకటన ప్రింటు తీసి, ఖాళీ చోటుకు సరిపడా కత్తిరించేందుకు కత్తెర కోసం ఆ పిల్ల కౌంటర్ దగ్గరికి వెళ్లింది. ఆ లోపే ఆమె తండ్రి కౌశిక్ వచ్చాడు. ఆఫీసులో ప్రింటు తీసిన డ్యామ్ రంగుల ఫోటోను ఖాళీ చోట టేపుతో అతికించేశాడు.

"ఎలా ఉంది ఆంటీ? బోర్డు నీట్‌గా ఉంటే సగం గ్రేడ్ వచ్చినట్టే."

కృష్ణకుమారి లేచి తన బండి దగ్గరికి పోయింది. బోర్డు తనది కాదు.

హంసిక కత్తిరించిన ప్రకటన పట్టుకుని తిరిగొచ్చి చూసింది. "డాడీ, ఇది డ్యామ్. క్వశ్చన్ పీపుల్ గురించి."

కౌశిక్ కూతురి చేతిలోని ప్రకటన చదివాడు. "ఈ ఎలెన్ ఎవరో ఎవరికి తెలుసు నాన్నా?"

"నాకు తెలుసు."

గోటితో టేపు ఒలిచి, ఫోటో తీసి పక్కన పెట్టింది. ఆ చోట చిన్న కాగితం అతికించి అరచేత్తో నొక్కింది. కాస్త వంకరగానే వచ్చింది.

"సరే మేడమ్, నీ ఇష్టం. బీ గ్రేడ్ వస్తే మీ అమ్మకి నువ్వే చెప్పుకో," అని కౌశిక్ జేబులోంచి కారు తాళంచెవులు తీశాడు.

"నెక్స్ట్ వీక్ వచ్చి గ్రేడ్ చెప్తా ఆంటీ!" అంది హంసిక.

అప్పటికి తానిక్కడ ఉండనని కృష్ణకుమారి చెప్పబోయి ఆగింది. "బోర్డు మడతలో విరుగుతుంది తల్లీ, రెండు చేతులా పట్టుకో."

వాళ్లు వెళ్లాక మిగిలిన పుస్తకాలు అరల్లో పెట్టింది. మెడలో కార్డు తీసి కౌంటర్‌లో ఇచ్చింది. బయట కూతురు కారులో ఎదురుచూస్తోంది.

బల్ల మీద డ్యామ్ ఫోటో ఉండిపోయింది, నాలుగు మూలలా ఒలిచిన టేపు ముక్కలు అంటుకుని.