నకహారా గారి వాన

తెర మీద వాన. సన్నగా, ఏటవాలుగా... నీటిగుంట దగ్గర కప్ప ఒకటి గెంతుతోంది.

ఆ వాన నకహారా గారిది.

ఆ కప్పా ఆయనదే.

బాలమురళికి తెలుసు. అతనికి కాక ఇంకెవరికి తెలుస్తుంది?

పంతొమ్మిదేళ్లకు ఒసాకాలో వీడియో గేముల కంపెనీలో చేరారాయన — మబ్బులు గీసే పనికి. మొదటి గేము చివర అందరికీ మారుపేర్లే వేశారు, పోటీవాళ్లు మనుషుల్ని ఎగరేసుకుపోతారని. ఆయనకు 'కప్ప' అని పెట్టారు. వాళ్లమ్మ టీవీ ముందు కూర్చుని కొడుకు పేరు కోసం వెతికిందట. కనబడలేదట, పాపం.

తర్వాత డిజైనర్. తర్వాత ప్రొడ్యూసర్. అరవై దాటాక సిడ్నీలో ఒక గేముల కంపెనీ. ఊరి శివారు స్కోఫీల్డ్స్ నుంచి రైల్లో వచ్చే బాలమురళిని పక్కన కూర్చోబెట్టుకుని, తెర మీద వాన కురిపించడం నేర్పారు. ఏ గేము చేసినా ఎక్కడో ఒక కప్పను దాచేవారు.

"అమ్మ కోసం" అనేవారు.

ఈ గేము విడుదలకు ఇంకా రెండు నెలలుందనగా ఆయన భార్యకు జబ్బు చేసింది. ఉద్యోగం వదిలేసి ఒసాకా వెళ్లిపోయారు.

కంపెనీ రూలు — విడుదల రోజున ఉద్యోగంలో లేనివాళ్ల పేరు గేము చివర వెయ్యరు. అయినా మేనేజర్ బాలమురళికి మెయిల్ పెట్టింది, ఎవరినైనా చేర్చాలా అని. ఒక్క పేరు. ఒక్క పేరు రాస్తే సరిపోయేది.

"ఎవరూ లేరు" అని రాశాడు.

డిజైనర్ అన్నచోట తన పేరొక్కటే కనబడాలని. అంతే, ఇంకే కారణమూ లేదు. ఛీ... ఎంత కక్కుర్తి!

ఇవాళ ఒసాకా నుంచి మెసేజి.

"చివరిదాకా చూశాను. పేర్లన్నీ చదివాను. మీ పేరు చాలా బాగుంది, మురళి-సాన్."

సాన్... అంటే గారు. కోప్పడినా బాగుండేది. తిట్టినా బాగుండేది.

ఇప్పుడైనా తర్వాతి అప్‌డేట్‌లో ఆయన పేరు చేర్చమని మేనేజర్‌ని అడగవచ్చు. అడిగితే, అప్పుడెందుకు లేరన్నావంటారు. మెయిల్ తెరిచాడు. ఒక్క అక్షరమూ పడలేదు.

పక్కన సోఫాలో ఎనిమిదేళ్ల కూతురు గీతిక ఆ గేమే ఆడుతోంది.

"నాన్నా, దిస్ ఫ్రాగ్ ఈజ్ సో క్యూట్! నువ్వే చేశావా?"

"కాదమ్మా."

"దెన్ హూ?"

బాలమురళి తెర వైపు చూశాడు.

తెర మీద వాన ఆగలేదు. సన్నగా, ఏటవాలుగా... కప్ప గెంతి నీళ్లలో మునిగింది.

గీతిక ఆట ఆపి, తండ్రి ముఖంలోకి చూస్తోంది.