మామూలు పద్ధతి

లెక్కల మాస్టారికి భార్యను చూస్తే ఎంత గర్వమో ఆ వీధిలో అందరికీ తెలుసు. ఆవిడ మెదడు మీద పరిశోధన చేస్తుంది. నిద్రపోతున్న ఎలుక మెదడులో ఏ కణం ఎప్పుడు మేలుకుంటుందో పట్టే ఉపాయం కనిపెట్టి, పెళ్లయిన కొత్తల్లోనే ఒక వ్యాసం అచ్చువేయించింది. ఆ తర్వాత ఎవరు ఆ ఉపాయం వాడినా తమ వ్యాసంలో ఆవిడ పేరు రాసేవారు. మాస్టారు పనిగట్టుకుని ఆ పేరు వెతికి మరీ పొంగిపోయేవారు.

ఈమధ్య ఆ పేరు కనబడడం తగ్గింది. చివరికి ఆవిడ ఇంటికి తెచ్చిన కొత్త పాఠ్యపుస్తకంలో ఉపాయమైతే రెండు పేజీల నిండా ఉంది గానీ, పేరు మాత్రం లేదు. "మామూలు పద్ధతిలో" అని రాసి ఊరుకున్నారు.

మాస్టారికి ఒళ్లు మండిపోయింది. "మామూలా? ఎవడబ్బ సొమ్మని? వీళ్లని ఉతికి ఆరేస్తాను!"

ఆవిడ కళ్లజోడు తుడుచుకుంటూ నవ్వింది. "మీరు పిల్లలకి ఎక్కాలు చెప్తారు కదండీ. అవి ఎవరు కనిపెట్టారో చెప్తారా?"

"అదెవరికి కావాలి? ఎక్కాలు ఎక్కాలే!"

ఆ మాట అనేశాక ఆయన పుస్తకం మళ్లీ తెరిచి, "మామూలు పద్ధతిలో" అన్నచోట వేలు పెట్టి ఇంకోసారి చదువుకున్నారు.

మర్నాడు బడిలో ఆ పుస్తకం బల్లమీద పరిచి, తోటి మాస్టార్లందరినీ కేకేసి పిలిచారు.

"అట్ట నుంచి అట్టదాకా వెతుక్కోండి. మా ఆవిడ పేరు ఎక్కడా దొరకదు. ఎక్కాల్లో కలిసిపోయింది మరి!"