చొక్కా మార్చుకునేలోగా

తొమ్మిదేళ్లపాటు మా కచేరీలకు పేరు తెచ్చిన పాట నా మాజీ భర్తదని లోకం అనుకుంటుంది. అతనూ అలాగే అనుకుంటాడు. నా కడుపుమంటంతా అదే.

అతని సీక్వెన్సర్, అంటే దాచిన స్వరాలను తనే వాయించే యంత్రం, టిఫిన్ డబ్బా అంత పెట్టె. నాలుగు స్వరాలు నొక్కిపెడితే అందులోని ఆర్పెజియేటర్ వాటిని ఒకదాని వెనక ఒకటి పరిగెత్తిస్తుంది. ఎల్‌ఎఫ్‌ఓ అని ఇంకోటుంది. అది తనంతట తాను మోగదు. నిదానంగా ఊగుతూ, మోగే స్వరాలను పైకీ కిందికీ లాగుతుంది. ఆ ఊపును తాళానికి కట్టేస్తే, అంటే సింక్ పెడితే, పాట గానుగెద్దులా తిరిగినచోటే తిరుగుతుంది. వదిలేస్తే నిమిషానికో కొత్త దారి పడుతుంది.

ఈ మాట మొదటి ఏడాదే చెప్పాను. డ్రమ్మర్ ఎదుటే అతను నవ్వేశాడు.

"సింక్ తీస్తే పరువు పోతుంది. నీకెందుకమ్మా ఇవన్నీ, వైర్లు చూసుకో."

ఆ తర్వాత ప్రతి కచేరీకీ అతను సింక్ పెట్టి దాచుకున్న పాటను మెమరీలోంచి తెరిచి, చొక్కా మార్చుకోవడానికి వెళ్లేవాడు. నేను గబగబా వెళ్లి సింక్ తీసేసేదాన్ని. జనం లేచి చప్పట్లు కొడితే అతను తలవంచి అందుకునేవాడు. ఏదో ఒకరోజు గమనిస్తాడనుకున్నాను. నా పిచ్చి గానీ, అద్దంలో తనను తప్ప ఇంకెవరిని చూశాడు కనుక!

విడిపోయేటప్పుడు లాయరుగారు సామాన్ల జాబితా చదువుతూ, "ఈ పెట్టె ఎవరికి?" అన్నారు.

"పాట అతనిది కదండీ, అతనికే ఇచ్చెయ్యండి," అన్నాను. 'మనది' అంటాడేమోనని చూశాను. ఆ ఒక్క మాట చాలు నాకు. అతను సంతకం ఎక్కడ పెట్టాలని అడిగాడు.

నిన్న మధ్యాహ్నం, నేను పనిచేసే రిపేరు షాపులో కీబోర్డు విప్పి దుమ్ము దులుపుతుంటే ఫోన్ చేశాడు. వెనక ఆ నాలుగు స్వరాలు చప్పగా, ఒకే వరసలో మోగుతున్నాయి.

"పెట్టెని ఏం చేశావ్? ఇచ్చేముందు ఏదో కెలికావు కదూ? సాయంత్రం కచేరీ ఉంది, పొద్దున్నుంచీ ఇదే గోల."

"నేనేం కెలకలేదు. నువ్వు దాచుకున్న పాట అదే."

"పాటా ఇది? చెవిలో దోమ దూరినట్టుంది!"

నవ్వొచ్చింది. చెప్పకుండా ఊరుకుంటే హాలు నిండా జనం ముందు తెల్లమొహం వేస్తాడు, నా కసి తీరుతుంది. కానీ ఆ పాట అలా ఈడ్చుకుంటూ సాగుతుంటే వినలేకపోయాను. పైగా చెబితే తెలుస్తుంది కదా, ఇన్నాళ్లూ అందులో ఎవరి చెయ్యి ఉందో.

"ఎల్‌ఎఫ్‌ఓకి సింక్ తీసెయ్. ప్రతిసారీ నేనే తీసేదాన్ని, నువ్వు చొక్కా మార్చుకునేలోగా."

అటువైపు బటన్ టక్కుమంది. స్వరాలు ఒక్క క్షణం తడబడ్డాయి. ఒకటి పైకి జారింది, ఇంకోటి వెనకబడింది. నా పాట మళ్లీ నడక మొదలుపెట్టింది. ఏడుపొచ్చింది నాకు.

"హమ్మయ్య, దొరికింది!" అని అరిచాడు. ఆపైన పక్కవాళ్లతో అన్నాడు: "నేను చెప్పలా, నాకు తెలీకుండా సెట్టింగులు మార్చేదని? ఇప్పుడు తనే ఒప్పుకుంది."

నేనింకా వింటున్నానేమోనని కూడా చూడకుండా ఫోన్ పెట్టేశాడు.