అరంగుళం లోపలి మనిషి

తల్లి జిప్పులు కుడుతుంది, కూతురు అంచులు మూస్తుంది. కార్ఖానాలో వాళ్లవి ఎదురెదురు మిషన్లు. ఆ రోజు పని ఇరవై దిండు గలీబులు. అన్నిటి మీదా ఒకటే ఫొటో: అరవై ఏళ్ల కిందట వంతెన కడుతున్న కూలీలు, కుడి చివర చేతికర్రతో, ఆ వంతెన కట్టించిన కంపెనీని పెట్టిన పెద్దాయన. సాయంత్రం ఆ కంపెనీ సభ. మూడింటికి పెద్దాయన మనవరాలు వచ్చి సరుకు తీసుకెళ్లాలి.

మొదటి గలీబుకు జిప్పు పెడుతూ తల్లి ఆగిపోయింది.

"మా నాన్నే."

ఎడమ అంచున కందిగింజంత ముఖం. తలగుడ్డ ముడి కుడిచెవి మీద ఉంది.

"ఎలా చెప్తావమ్మా? నీకప్పుడు ఏడేళ్లు."

"రోజూ అన్నం పట్టుకెళ్లింది నేనేగా. ముడి అలా వేసేది ఆయనొక్కడే. అందరూ నవ్వేవాళ్లు."

ఆయన ఆ వంతెన మీంచే పడి చనిపోయాడు. ఇంట్లో ఆయన ఫొటో ఒక్కటీ లేదు. ఇక్కడున్న ముఖమేమో సరిగ్గా కుట్టులోకి పోయే అరంగుళంలో ఉంది. అరంగుళం దగ్గర కార్ఖానా యజమాని దేవుడికైనా మినహాయింపు ఇవ్వడు. పనివాళ్లు చాటున ఆయన్ని పిలిచేదే అరంగుళం అని.

కూతురు టేపు తీసింది. కుట్టులోకి ఎడమ పావంగుళం, కుడి ముప్పావంగుళం పోతే మొత్తం కొలత మారదు. కుట్టులోకి పోయేది పెద్దాయన కర్ర, దాన్ని పట్టుకున్న చెయ్యి.

"ఉన్న పనికి ఎసరు పెట్టుకోకే. చేస్తే ఒక్కటి చెయ్యి."

"ఒక్కటి తేడాగా ఉంటే పట్టేస్తారు. ఇరవై ఒకేలా ఉంటే ఫొటోయే అంత అనుకుంటారు."

మూడింటికి మనవరాలు వచ్చింది. యజమాని ఆమె ముందే టేపు పెట్టాడు. పదహారు అంగుళాలు. పదహారు. ఇరవయ్యోదీ పదహారే. తల్లి మిషన్ తొక్కడం మానేసింది.

"మా తాతయ్య చేతికర్ర ఏది?" అందామె.

యజమాని గలీబు తిరగేశాడు. కర్ర కుట్టు లోపల కనిపించింది.

"విప్పు. అన్నీ విప్పి మళ్లీ కుట్టు."

"విప్పుతా సార్," అంది కూతురు. "సూది దిగిన చిల్లులు మాత్రం పోవు. పెద్దాయన ఒంటి మీద నిలువునా గీత పడుతుంది."

యజమానికి ఆ సంగతి తెలుసు. గడియారం వైపు చూశాడు.

"ఎందుకు చేశావమ్మా?" అంది మనవరాలు.

కూతురు నోరు విప్పేలోగా తల్లి లేచి వచ్చి, ఎడమ అంచు మీద వేలు పెట్టింది. "మా నాన్నమ్మా. వంతెన పూర్తవకముందే పడిపోయాడు."

మనవరాలు గలీబును కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసింది.

"ఎవరైనా కర్ర ఏదంటే ఏం చెప్పాలి?"

"లోపలే ఉందని చెప్పండి," అంది కూతురు.

మనవరాలు నవ్వలేదు. "కట్టేయండి."

యజమాని కూతురి వైపు తిరిగాడు. "రేపట్నుంచి నీకు జిప్పులే. అంచుల మీద చెయ్యి వేశావో, ఊరుకోను."

తర్వాత కట్టలోంచి ఒక గలీబు లాగి, మళ్లీ టేపు పెట్టాడు.

"మేడమ్, ఇది పావంగుళం తక్కువుంది. నేనివ్వను. పంతొమ్మిది చాలుతాయా?"

దాన్ని తల్లి మిషన్ మీద పడేసి, తాడు కోసం లోపలికి వెళ్లాడు.